నొప్పి లేకుండా మూత్రం ఎర్రగా వచ్చి తగ్గింది: ఇరవై ఆరేళ్ళ వయసులో ముందు ఏ పరీక్ష?

మీరు వ్రాసినది నాకు అర్థమైన మేరకు ముందు చెబుతాను. మీకు 26 ఏళ్ళు, చీమకుర్తిలో గ్రానైట్ క్వారీలో సూపర్‌వైజర్ ఉద్యోగం, బీడీ సిగరెట్ల అలవాటు లేదు. రెండు నెలల క్రితం రెండు రోజుల పాటు మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చింది, నొప్పి గాని మంట గాని లేవు. పొట్ట స్కానింగ్‌లో ఏమీ కనిపించలేదు, కల్చర్‌లో క్రిములు పెరగలేదు, అయినా ఐదు రోజులు యాంటీబయాటిక్ ఇచ్చారు, రంగు మామూలైంది. మొన్న మళ్ళీ పరీక్ష చేయిస్తే ఎర్రకణాలు 8–10 అని వచ్చింది. ఒక డాక్టరు రాయి పడిపోయి ఉంటుందన్నారు, ఇంకొకరు వెంటనే సీటీ స్కాన్ తీయించమన్నారు, ఇంట్లో మాత్రం ఎండలో తిరిగి వేడి చేసిందని సబ్జా నీళ్ళు, కొండపిండి ఆకు కషాయం ఇస్తున్నారు. కనిగిరి వైపు కిడ్నీ జబ్బుల సంగతి విని మీకు భయం పట్టుకుంది, పైగా ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు.

నేరుగా జవాబు చెబుతాను. మీకు సీటీ స్కాన్ మొదటి పరీక్ష కాదు. అలాగని రంగు తగ్గింది కదా అని వదిలేయవలసిన విషయం కూడా కాదు. ముందు తేలవలసినది ఒక్కటే: ఆ రక్తం కిడ్నీలోని వడపోత పొరల నుంచి జారుతున్నదా, లేక వడపోత అయిపోయాక మూత్రం నడిచే దారిలో, అంటే నాళాల్లోనో మూత్రాశయంలోనో, ఎక్కడైనా కారుతున్నదా అన్నది. దాన్ని తేల్చడానికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. అప్పుడే పట్టిన మూత్రాన్ని మైక్రోస్కోపు కింద ఓపికగా చూడడం, అదే మూత్రంలో ప్రోటీన్–క్రియాటినిన్ నిష్పత్తి (ఎంత ప్రోటీన్ పోతున్నదో చెప్పే లెక్క), రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టి పంపే వ్యర్థం), సరిగ్గా కొలిచిన బీపీ, ఈ నాలుగూ చాలు. నాలుగూ కలిపినా సీటీ ఖర్చులో చిన్న వంతు కూడా కావు. మీకు జరిగిన పరీక్షల్లో ఈ నాలుగూ లేవు.

నేను జనరల్ మెడిసిన్ వైద్యుడిని, ఇరవై ఏళ్ళకు పైగా ఒంగోలులోనూ, కొంతకాలం నెల్లూరులోనూ పనిచేస్తున్నాను. మూత్రం స్లయిడును నేనే చూసుకునే పాత అలవాటు ఇంకా పోలేదు. మీ ఉత్తరంలో నన్ను ఆపిన వాక్యం మీరు దాటవేసినట్టుగా వ్రాసినది: "అప్పుడు జలుబు, గొంతు నొప్పి ఉండి ముందు రోజే మాత్ర వేసుకున్నాను" అన్నారు. మిమ్మల్ని చూసినవారు ఎవరూ దాని గురించి అడిగినట్టు లేదు. గొంతు నొప్పి మొదలైన ఒకటి రెండు రోజుల్లోనే మూత్రం డికాషన్ రంగుకి తిరగడం, నొప్పి లేకపోవడం, రక్తం గడ్డలు పడకపోవడం, కొద్ది రోజుల్లో దానంతట అదే తగ్గడం, ఆ తర్వాత కంటికి కనబడకుండా కణాలు పోతూ ఉండడం, ఇవన్నీ ఒక మనిషిలో కలిసినప్పుడు నా మనసు ముందుగా ఐజీఏ నెఫ్రోపతీ వైపు వెళుతుంది. ఫ్రాన్సులో జాన్ బెర్జే అనే వైద్యుడు 1968లో దీన్ని మొదటిసారి వర్ణించాడు. గొంతులోనో పేగుల్లోనో ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు శరీరం తయారుచేసుకునే ఐజీఏ అనే రక్షక ప్రోటీన్ కొందరిలో లోపంతో తయారై, కిడ్నీ వడపోత గుత్తుల్లో పేరుకొని వాటిని వాచేలా చేస్తుంది. ఇది ఎక్కువగా ఇరవైల్లో, ముప్పైల్లో ఉన్నవారిలో బయటపడే జబ్బు.

ఇక్కడ రోజుల లెక్క ముఖ్యం. స్ట్రెప్టోకాకస్ క్రిమి వల్ల గొంతు నొప్పి వచ్చిన ఒకటి నుంచి మూడు వారాల తర్వాత, లేదా చర్మంపై పుళ్ళు వచ్చిన మూడు నుంచి ఆరు వారాల తర్వాత మూత్రం ఎర్రబడితే అది వేరే జబ్బు. అందులో రక్తంలో సీ3 అనే ప్రోటీన్ తగ్గి, సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మళ్ళీ మామూలుకొస్తుంది. ఒకటి నుంచి మూడు రోజుల్లో ఎర్రబడితే ఐజీఏ అనుమానం బలపడుతుంది. ఇది అనుమానమే, నిర్ధారణ కాదు. మిమ్మల్ని చూడకుండా జబ్బు పేరు మీ మీద వేయను.

స్కానింగ్ మామూలుగా ఉంది కదా అని మీరు అడిగారు. అల్ట్రాసౌండు కిడ్నీ ఆకారాన్ని చూపిస్తుంది, నీటి తిత్తులను, అడ్డంకి వల్ల వచ్చే వాపును, కిడ్నీలో ఉన్న రాళ్ళను చూపిస్తుంది. వడపోత పొర దెబ్బతిన్నదో లేదో చూపించలేదు. కాఫీ ఫిల్టరును బయట నుంచి ఎంత తిప్పి చూసినా లోపలి జల్లెడలో చిరుగు కనబడదు, పొడి కప్పులో దిగినప్పుడే తెలుస్తుంది. అందుకే నేను స్కానింగ్ రిపోర్టు కంటే ముందు మూత్రంలో ఏమి దిగుతున్నదో చూస్తాను.

పాత మూత్రం మోసం చేస్తుంది. ఎర్రకణాలు మూత్రంలో ఎక్కువసేపు నిలవవు; మూత్రం పలచగా ఉన్నా, నిలవ ఉన్నా పగిలిపోతాయి. కొన్నేళ్ళ కిందట పొదిలి దగ్గర పల్లె నుంచి ఒక తల్లి, పదిహేడేళ్ళ కొడుకును వెంటబెట్టుకొని, ఇంట్లో పట్టిన మూత్రాన్ని దగ్గుమందు సీసాలో పోసుకొని ఆర్టీసీ బస్సులో వచ్చింది. "సీసా బాగా కడిగే తెచ్చినాను సార్" అన్నది. మూత తీస్తే దగ్గుమందు వాసన గుప్పుమన్నది, అడుగున ఎర్రటి పాకం ఇంకా అంటుకొని ఉంది, ఆ రంగు సగం సీసాదే. మైక్రోస్కోపు కింద ఒక్క కణం కూడా నిండుగా లేదు. అబ్బాయిని అక్కడే శుభ్రమైన డబ్బాలో, మొదటి ధార వదిలేసి మధ్య ధార పట్టి ఇమ్మన్నాను. అది కంటికి నీళ్ళలా ఉంది. పది నిమిషాల్లో యంత్రంలో గిరగిరా తిప్పి, అడుగుకు చేరిన మడ్డిని చూస్తే ఎర్రకణాలు కనిపించాయి, అవి గుండ్రంగా లేవు. నాళంలోంచి నేరుగా కారిన కణాలు నాణేల్లా అంచు తీరి ఉంటాయి. వడపోత పొరలో ఇరుక్కొని దూరి వచ్చిన కణాలు నలిగిపోయి, నూనెలో జారవిడిచిన పునుగుకి పక్కన చిన్న చిన్న తోకలు లేచినట్టు, అంచున బుడిపెలతో కనబడతాయి. వాటితో పాటు ఎర్రకణాలు గొట్టంలా అచ్చుపోసినట్టు కనబడే కాస్ట్ ఒక్కటి కనిపించినా రక్తం కిడ్నీ లోపలిదేనని దాదాపు తేలినట్టే. ఆ అబ్బాయికి రెండూ ఉన్నాయి.

ఆ తల్లిని అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది: "మీ వైపు ఎవరికైనా చిన్న వయసులో చెవుడు వచ్చిందా?" ఆమె కాసేపు ఆలోచించి, తన తమ్ముడికి చెవి సరిగ్గా వినపడదని, ముప్పై దాటకుండానే డయాలసిస్ మీద పడ్డాడని చెప్పింది. మూత్రంలో రక్తం, చెవుడు కలిసి వంశంలో నడిచే ఈ కిడ్నీ జబ్బును ఆల్పోర్ట్ సిండ్రోమ్ అంటారు. ఎక్కువ కుటుంబాల్లో ఇది తల్లి ద్వారా సంక్రమిస్తుంది, మగపిల్లల్లో తీవ్రంగా ఉంటుంది. అందుకే మూత్రంలో రక్తం కనబడిన ప్రతి కుర్రవాడినీ నేను మేనమామల సంగతి అడుగుతాను. మీరు కూడా అమ్మగారిని అడిగి తెలుసుకోండి.

ఇక రిపోర్టులోని 8–10 అన్న అంకె. హై పవర్ ఫీల్డుకు, అంటే మైక్రోస్కోపులో బాగా పెద్దది చేసి చూసే ఒక్కో వృత్తానికి, మూడు లేదా అంతకు మించి ఎర్రకణాలుంటేనే దాన్ని రక్తస్రావంగా లెక్కిస్తారు, కాబట్టి మీది లెక్కకొచ్చేదే. మూత్రంలో ముంచి చూసే స్ట్రిప్ మీద రంగు మారడం ఒక్కటీ చాలదు, ఎందుకంటే స్ట్రిప్ స్పందించేది కణాలకు కాదు, వాటిలో ఉండే రంగు పదార్థానికి. కండరాలు చితికినప్పుడు వచ్చే మయోగ్లోబిన్‌కు కూడా అది అలాగే స్పందిస్తుంది. పోలీసు కానిస్టేబుల్ ఎంపిక కోసం మండుటెండలో 1600 మీటర్ల పరుగు సాధన చేసిన ఒక అభ్యర్థి కోలా రంగు మూత్రంతో వచ్చాడు. స్ట్రిప్ గట్టిగా పాజిటివ్, మైక్రోస్కోపు కింద కణం లేదు, తొడలు ముట్టుకోనివ్వడం లేదు. అది రక్తం కాదు, కండరం. సెలైన్లు ఎక్కించి మూడు రోజులు ఉంచాము, కిడ్నీలు దక్కాయి. క్వారీలో మీరు ఎండలో గట్టులెక్కి దిగుతారు కాబట్టి, పరీక్షకు ముందు మూడు రోజులు బరువు పనులు, పరుగులు, జిమ్ మానండి. తీవ్రమైన శ్రమ వల్ల వచ్చిన రక్తమైతే రెండు మూడు రోజుల విశ్రాంతితో పోతుంది. మన పొలాల్లో రక్తపింజరి కాటు తర్వాత కూడా మూత్రం ఎర్రబడుతుంది, అది పరీక్షల కోసం ఆగవలసిన సమయం కాదు. టీబీకి వాడే రిఫాంపిసిన్, మూత్రంలో మంటకు ఇచ్చే ఫెనాజోపిరిడిన్, బీట్‌రూట్ రంగు మాత్రమే మారుస్తాయి. ఆడవారైతే నెలసరి రోజులు గడిచాక పరీక్షకు ఇవ్వాలి.

రాయి సంగతి. మన ప్రాంతపు ఎండకు, తాగే నీళ్ళు చాలకపోవడానికి రాళ్ళు నిజంగానే ఎక్కువగా చూస్తాము, అందుకే నడుము పట్టినా మూత్రం రంగు మారినా అందరి నోటా ముందు వచ్చే మాట రాయే. కిడ్నీలో కదలకుండా కూర్చున్న రాయి నొప్పి పుట్టించకపోవచ్చు. అయితే నాళంలోకి జారి బయటపడిన రాయి నడుము నుంచి గజ్జల దాకా మెలితిప్పే నొప్పి లేకుండా, మూత్రంలో పడినట్టు ఎవరూ చూడకుండా పోయిందని చెప్పడం ఊహే. ఇందులో నా పొరపాటు ఒకటి చెప్పాలి. పదిహేనో ఏట నుంచి బీడీలు తాగిన ముప్పై మూడేళ్ళ మనిషి నొప్పి లేకుండా ఎర్రటి మూత్రంతో వచ్చాడు, స్కానింగ్‌లో కుడి కిడ్నీలో నాలుగు మిల్లీమీటర్ల రాయి కనబడింది. కారణం దొరికిందనుకొని నీళ్ళు బాగా తాగమని పంపించాను. ఏడు నెలల తర్వాత గడ్డలు గడ్డలుగా రక్తం పడుతూ వచ్చాడు, మూత్రాశయంలో కంతి ఉంది. రాయి కనబడిందంటే రాయి ఉన్నదని మాత్రమే అర్థం, రక్తానికి కారణం అదేనని కాదు. ఆ వయసులో మూత్రాశయ క్యాన్సర్ అరుదు, కానీ ఆ రోజు నేను బీడీల లెక్క అడిగి కూడా దాన్ని పట్టించుకోలేదు.

కాబట్టి నాలుగు పరీక్షల ఫలితాన్ని బట్టి దారి రెండుగా చీలుతుంది.

కణాలు నలిగిన ఆకారంలో ఉన్నా, కాస్ట్‌లు కనబడినా, ప్రోటీన్–క్రియాటినిన్ నిష్పత్తి 0.5 దాటినా, క్రియాటినిన్ పెరిగినా, మీ వయసులో బీపీ 140/90 దగ్గర నిలబడినా మీరు వెళ్ళవలసినది నెఫ్రాలజిస్టు, అంటే కిడ్నీ జబ్బుల వైద్యుడి దగ్గరకు. వారు సీ3, ఏఎన్ఏ (శరీరం తన మీదే దాడి చేసుకుంటున్నదా అని చూసే పరీక్ష), హెపటైటిస్ బీ, సీ, హెచ్ఐవీ పరీక్షలు చేయించి, అవసరమైతే కిడ్నీ బయాప్సీ చెబుతారు. బయాప్సీ అనగానే చాలామంది మాయమవుతారు. స్కానింగ్‌లో చూస్తూ, మత్తు సూది ఇచ్చి, సన్నని సూదితో నూలు పోగంత ముక్క తీస్తారు; ఒక రాత్రి పడుకోబెట్టి మూత్రం రంగు చూసి పంపిస్తారు. రక్తస్రావం ప్రమాదం కొద్దిగా ఉంది కాబట్టే అందరికీ చేయరు. ప్రోటీన్ పోకుండా, బీపీ, క్రియాటినిన్ సరిగా ఉండి కణాలు మాత్రమే కనబడుతుంటే చాలామంది నెఫ్రాలజిస్టులు సూది వేయకుండా ఆరు నెలలకో ఏడాదికో ఈ పరీక్షలే తిరిగి చేయిస్తారు. నేను కూడా అదే చేస్తాను. ఆ ఏడాది పరీక్షను ఎగ్గొట్టేవారే చివరికి ఆలస్యంగా వస్తారు.

కణాలు నిండుగా, ప్రోటీన్ లేకుండా, బీపీ, క్రియాటినిన్ మామూలుగా ఉంటే యూరాలజిస్టు, అంటే మూత్రం దారికి సంబంధించిన సర్జన్ దగ్గరకు వెళ్ళాలి, అప్పుడు సీటీకి అర్థం ఉంటుంది. రాయి కోసమైతే రంగు మందు లేని సీటీ చాలు. నాళాల లోపలి గోడ చూడాలంటే రంగు మందుతో మూడు దశల్లో తీసే సీటీ యూరోగ్రామ్ కావాలి, దాని రేడియేషన్ ఒక ఛాతీ ఎక్స్‌రేకు వందల రెట్లు ఉంటుంది, రంగు మందుకు ముందు క్రియాటినిన్ ఎలాగూ చూడాలి. ఇరవై ఆరేళ్ళ మనిషికి దాన్ని కారణం లేకుండా ముందే తీయించడం నాకు ఇష్టం లేదు. అమెరికన్ యూరాలజీ సంఘం 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం నలభై లోపు మగవారిలో, పొగ అలవాటు పెద్దగా లేకుండా, 3–10 కణాలు మాత్రమే ఉంటే ఆరు నెలల్లో మూత్ర పరీక్ష తిరిగి చేయించుకోవడం ఒప్పుకోదగినదే. కానీ మీకు ఆ సడలింపు వర్తించదు, ఎందుకంటే మీకు రక్తం ఒకసారి కంటికి కనబడింది. వడపోత వైపు కారణం దొరకకపోతే మూత్రాశయం లోపల కెమెరాతో చూసే సిస్టోస్కోపీ గురించి యూరాలజిస్టుతో తప్పక మాట్లాడండి.

యాంటీబయాటిక్ విషయంలో ఒక మాట. మంట లేదు, జ్వరం లేదు, కల్చర్‌లో క్రిమి లేదు. అలాంటప్పుడు ఆ కోర్సు ఎందుకు ఇచ్చారో నాకు తెలియదు. తగ్గింది మందు వల్లనేనని మీకూ, ఇచ్చినవారికీ అనిపిస్తుంది, అసలు ప్రశ్న అక్కడితో ఆగిపోతుంది. నర్సింగ్ చదివే ఒక అమ్మాయికి మూత్రంలో మంట, చీముకణాలు, ఎర్రకణాలు. మూడు చోట్ల మూడు యాంటీబయాటిక్ కోర్సులు వాడింది, కల్చర్ ప్రతిసారీ శూన్యం. చీము ఉండి మామూలు కల్చర్‌లో ఏమీ పెరగకపోతే మన దేశంలో టీబీని వెతకాలి. వరుసగా మూడు రోజులు తెల్లవారి మొదటి మూత్రం పట్టి పంపిస్తే రెండో దానిలో టీబీ క్రిమిని పట్టే జీన్ ఎక్స్‌పర్ట్ పరీక్ష పాజిటివ్ వచ్చింది. మీ రిపోర్టులో చీముకణాల అంకె మీరు వ్రాయలేదు, ఒకసారి చూసుకోండి.

కొండపిండి ఆకు కషాయం ఇప్పటికి ఆపండి. ఈ రక్తం దానంతట అదే ఆగే రక్తం, ఆగిన ఘనత ఆకు ఖాతాలో పడుతుంది. సబ్జా నీళ్ళు, మజ్జిగ మీ ఇష్టం. క్వారీలో మాత్రం దాహం వేసేదాకా ఆగకుండా నీళ్ళు తాగండి. ఒళ్ళు నొప్పులకు మందుల షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, దాని వంటి మాత్రలు మానేయండి. ఉప్పు రోజుకు ఐదు గ్రాముల లోపు అంటే ఒక చెంచా. ఆవకాయ, అప్పడం, ఎండు చేపలు ఉన్న రోజున ఆ లెక్క మధ్యాహ్నానికే దాటిపోతుంది.

కనిగిరి భయం గురించి. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాల భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువన్నది నిజం, అది ప్రధానంగా పళ్ళను, ఎముకలను పట్టుకుంటుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో చూసే, కారణం పూర్తిగా తేలని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు స్వభావం వేరు: అది చప్పుడు లేకుండా ముదురుతుంది, మూత్రంలో రక్తం గాని, ప్రోటీన్ గాని పెద్దగా కనబడవు, క్రియాటినిన్ చూసినప్పుడే బయటపడుతుంది. డికాషన్ రంగు మూత్రం దాని తీరు కాదు. మీ క్రియాటినిన్ ఎలాగూ చూస్తాము కాబట్టి ఆ భయం కూడా అదే పరీక్షతో తేలిపోతుంది.

మూత్రం తగ్గిపోవడం, పొద్దున్నే ముఖం, కళ్ళ కింద ఉబ్బడం, ఆయాసం, దగ్గులో రక్తం, చలితో జ్వరం, గడ్డలు అడ్డుపడి మూత్రం ఆగిపోవడం, వీటిలో ఏది వచ్చినా ఈ వరుసంతా పక్కన పెట్టి ఆ రోజే ఆసుపత్రిలో చేరండి. ఒంగోలు, నెల్లూరు రెండు చోట్లా ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రులున్నాయి.

సంబంధాల గురించి అడిగారు. ఈ రోజు మీ దగ్గర ఉన్నది ఒక రిపోర్టులోని ఒక అంకె, దాన్ని పట్టుకొని ఎవరికీ ఏమీ చెప్పనక్కరలేదు. జబ్బు పేరు తేలితే మాత్రం తాంబూలాలకు ముందే చెప్పండి. వంశపారంపర్యమైనదైతే అది మీ ఒక్కరి సంగతి కాదు. ఐజీఏ అని తేలినా, ప్రోటీన్ తక్కువగా, బీపీ అదుపులో ఉన్న ఎంతోమంది పెళ్ళిళ్ళు చేసుకొని, పిల్లల్ని కని, ఏడాదికోసారి నా దగ్గరకు రిపోర్టు పట్టుకొని వస్తున్నారు.

చివరగా, మళ్ళీ ఎప్పుడైనా గొంతు నొప్పి వస్తే ఆ రోజు నుంచి మూడు రోజులు మూత్రం రంగు గమనించండి. ఎర్రబడితే తెల్లటి గ్లాసులో పట్టి పగటి వెలుతురులో ఫోటో తీసుకోండి, సీసాలో ఇంటి నుంచి తీసుకెళ్ళకండి, ల్యాబుకు వెళ్ళి అక్కడే పట్టి ఇచ్చి, గంటలోపు మైక్రోస్కోపు కింద చూసి కణాల ఆకారం కూడా వ్రాయమని అడగండి.